నలభై రెండు టిక్కులు

కారు ఇంటికొచ్చి రెండ్రోజులే అయింది. వెనక ఎడమ డోరు తీసి, మా పాప బ్యాగు సీట్లో పెట్టి డోరు వేస్తే లోపల్నించి గలగలమని నీళ్ళ చప్పుడు. మళ్ళీ తీసి వేశా, మళ్ళీ గలగల. సగం నిండిన బిందె చంకనెత్తుకుని నడిస్తే వస్తుంది చూడండి, అచ్చం ఆ చప్పుడే. సీటు మీద తడి లేదు, కింద మ్యాట్ తడవలేదు, మరి నీళ్ళెక్కడున్నాయి?

మా నాన్నని పిలిచా. ఆయన జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, మిషను చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పేవారని ఆయన దోస్తులు ఇప్పటికీ చెప్తుంటారు. డోరు రెండుసార్లు ఊపి చూసి, కింద కూచుని, డోరు అడుగు అంచు వేళ్ళతో తడిమి, "అమ్మడూ, నీ జడలో పిన్ను ఓపాలి ఇటియ్యి" అన్నారు. ఇచ్చా. డోరు కింద నల్లగా తారులాగ పూసి ఉన్న దాంట్లో పిన్ను గుచ్చి గిర్రున తిప్పారు. అంతే, వాకిట్లోకి ధారగా నీళ్ళు. ఇంకో చోట గుచ్చారు, అక్కడా అంతే. ఒక పెద్ద చెంబుడు నీళ్ళు కారాయి నా కొత్త కారు డోర్లోంచి.

ఏ కారు డోరుకైనా అడుగున చిన్న చిన్న కన్నాలుంటాయి. వాన పడినప్పుడు అద్దం వెంబడి నీళ్ళు కొంచెం డోరు లోపలికి దిగుతాయి, అది తప్పు కాదు, డిజైనే అంత, దిగిన నీళ్ళు ఆ కన్నాల్లోంచి బయటికి పోతాయి. నేను నాలుగున్నర వేలు పోసి షోరూమ్‌లోనే చేయించుకున్న అండర్‌బాడీ కోటింగు వాళ్ళు ఆ కన్నాల మీదుగా కూడా కొట్టేశారు. తుప్పు రాకుండా కొట్టించుకున్న పూత వల్లే డోరు లోపల నీళ్ళు నిలిచాయి. ఆ చప్పుడు నేను పట్టించుకోకపోయి ఉంటే ఒక వర్షాకాలం తిరిగేసరికి డోరు లోపల్నించి తినేసేది, అద్దం మోటారు, వైర్లు సంగతి చెప్పక్కర్లేదు.

ఇది ఫ్యాక్టరీ తప్పు కాదండి. ఫ్యాక్టరీ వాళ్ళు కన్నాలు సరిగ్గానే పెట్టి పంపించారు. ఫ్యాక్టరీ గేటు దాటాక, నా చేతికి రాకముందు, మధ్యలో జరిగిన పని ఇది. కొత్త కారులో లోపం అనగానే మనం కంపెనీనే తిడతాం, లేకపోతే దిష్టి తగిలిందంటాం. మా అమ్మ అయితే ఆ రోజు సాయంత్రమే ఎండుమిరపకాయలు, కళ్ళుప్పు తిప్పి పొయ్యిలో వేసింది. కానీ ఆ మధ్యలో ఉన్న పనికి ఒక పేరుంది, పీడీఐ అంటారు, ప్రీ డెలివరీ ఇన్‌స్పెక్షన్, కారు కొన్నవాడికి అప్పగించే ముందు డీలరు చెయ్యాల్సిన తనిఖీ. దాని గురించే ఇదంతా రాస్తున్నా, ఎందుకంటే నా కార్లో బయటపడ్డ ప్రతి లోపం అక్కడ ఆగాల్సిందే.

ముందు నుంచి చెప్తా. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైన ఉన్న సెస్సు కూడా పోయింది. ఈ మాట ముందే తెలియడంతో బుక్ చేసుకున్నవాళ్ళంతా ఆగిపోయారు, మేమూ ఆగాం. నేను విజయనగరంలో ఉంటా, పని చేసే స్కూలు గజపతినగరం దాటాక, రోజూ బస్సు, ఆటో, మళ్ళీ నడక. పదేళ్ళు అలా తిరిగాక కొనుక్కున్న కారు ఇది, నా జీతం మీద లోను, నా పేరు మీద బండి. దసరా రోజే డెలివరీ కావాలని నేనే అడిగా, ఆ మాట దాచను. నాలాగే ఊళ్ళో అందరూ అడిగారు. తగ్గిన రేటు, దసరా, పైగా వచ్చే మంగళవారం మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ, ఈ మూడూ కలిసొచ్చేసరికి షోరూమ్ ముందు సంతలా ఉంది.

ఆ అక్టోబరు 2న వాయుగుండం కూడా. గాలి, ఒకటే వాన. షోరూమ్ బయట టెంటు కింద కార్లు వరసగా పెట్టి, ఒక్కో కుటుంబాన్నీ పిలిచి, ఎర్రగుడ్డ తీయించి, అట్టతో చేసిన పెద్ద తాళం చేతికిచ్చి ఫోటో తీసి, స్వీట్ ప్యాకెట్ ఇచ్చి, తరవాతి వాళ్ళని పిలుస్తున్నారు. పంతులుగారు ఒక్కరే, ఆయన ఈ కారు నుంచి ఆ కారుకి పరిగెడుతున్నారు. కారు మీదంతా వాన చినుకులు. తడి కారు మీద గీతలు గానీ రంగు తేడా గానీ కనపడవని నాకు తరవాత తెలిసింది, ఎండలో పొడిగా ఉన్న కారుని మాత్రమే చూడాలి. ఫోటో అయ్యాక సేల్స్ కుర్రాడు ఫైలు తెచ్చి బానెట్ మీదే పెట్టి, బొటనవేలితో కాగితం అంచు ఎత్తి పట్టుకుని "ఇక్కడొకటి మేడమ్, ఇక్కడొకటి, ఇక్కడొకటి" అంటూ పది పదకొండు సంతకాలు పెట్టించుకున్నాడు. వెనక ఇంకో కుటుంబం గొడుగులు పట్టుకుని నిలబడి ఉంది. పెట్టేశా.

నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం. ఊళ్ళో తెలీలేదు. దసరా సెలవుల తరవాత మొదటిసారి స్కూలుకి 26వ నంబరు హైవే మీద వెళ్తుంటే కారు ఎగిరెగిరి పడుతోంది, బ్రేకు వేస్తే తడి రోడ్డు మీద సర్రున ఇంకాస్త ముందుకెళ్తోంది. కొత్త బండి కదా, సస్పెన్షన్ గట్టిగా ఉంటుందేమో అనుకున్నా. వచ్చేటప్పుడు బంకులో గాలి చూపిస్తే నాలుగు చక్రాల్లోనూ 45. డోరు పక్క స్టిక్కరు మీద ఉన్నది 33. బంకు కుర్రాడికి ఆశ్చర్యమే లేదు, "కొత్త బండా మేడమ్, యార్డు గాలి దించలేదు మీకు" అన్నాడు. కార్లు ట్రైలర్ల మీద రోజుల తరబడి, ఆ తరవాత స్టాక్‌యార్డులో వారాల తరబడి కదలకుండా ఉంటాయి, ఒకే చోట బరువు పడి టైరు చదును పడిపోకుండా గాలి ఎక్కువ కొట్టి పంపుతారు. డెలివరీకి ముందు దించాలి. రెండు నిమిషాల పని. గాలి ఎక్కువుంటే టైరు నడిమి భాగమే రోడ్డుకి ఆనుతుంది, పట్టు తగ్గుతుంది. వానలో, లారీల మధ్య, నేను పాపని పక్కన కూచోబెట్టుకుని ఆ టైర్ల మీద వెళ్ళా.

ఈ గాలి సంగతి చెప్పాక మా నాన్నకి నమ్మకం పోయింది. చక్రాలు చూస్తానన్నారు. అల్లాయ్ వీల్స్ కూడా నేను షోరూమ్‌లోనే వేయించుకున్నా, కంపెనీ నుంచి వచ్చిన ఇనప చక్రాలు తీసి వీళ్ళు బిగించినవి అన్నమాట. నట్లు చూద్దామని డిక్కీలో స్టెప్నీ కింద టూల్స్ తీస్తే జాకీ ఉంది, పానా లేదు. కొత్త కారులో పానా లేదు! రోడ్డు మీద పంచరైతే నేను దేంతో తీస్తాను? పక్కింటి మావయ్యగారి కారు పానా తెచ్చి చూస్తే మూడు చక్రాలు బాగానే ఉన్నాయి, వెనక ఎడమ చక్రానికి రెండు నట్లు చేత్తో తిప్పితే తిరిగిపోతున్నాయి. నాలుగింటిలో రెండు. మా నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "ఎవుడమ్మా దీన్ని బిగించీది, ఆడింట్లో ఆడపిల్లలు లేరేటి" అన్నారు. ఆయన గొంతు అలా వినడం నాకు చాలా ఏళ్ళ తరవాత.

ఆ రాత్రి ఫైలు తీసి కూచున్నా. ఫారం 21 ఉంది, అది డీలరిచ్చే సేల్ సర్టిఫికెట్. ఫారం 22 ఉంది, బండి రోడ్డు మీద నడవడానికి తగినట్టు ఉందని తయారుచేసిన కంపెనీ ఇచ్చే కాగితం. ఇన్సూరెన్సు ఉంది. వీటి మధ్యలో పీడీఐ షీటు. నలభై రెండు గళ్ళు. టైరు గాలి సరిచేయబడింది, టిక్కు. చక్రాల నట్లు టార్కు (అంటే ఎంత గట్టిగా బిగించారో) చూడబడింది, టిక్కు. టూల్ కిట్ పూర్తిగా ఉంది, టిక్కు. వాటర్ లీకేజీ లేదు, టిక్కు. నేను పిల్లల పేపర్లు దిద్దే మనిషిని, పదిహేనేళ్ళుగా టిక్కులు పెడుతూనే ఉన్నా. ఒక్కొక్క జవాబూ చదివి పెట్టిన టిక్కుకీ, పైనుంచి కిందికి చెయ్యి ఎత్తకుండా జారవిడిచిన టిక్కుకీ తేడా నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ నలభై రెండూ ఒక్క ఊపులో పడ్డవి, కింది గళ్ళ దగ్గరికొచ్చేసరికి టిక్కు కాదది, వంకర గీత.

దాని కింద టెక్నీషియను సంతకం, సూపర్‌వైజరు సంతకం, నా సంతకం.

ఇంకో సంగతి గమనించడానికి నాకు ఇంకో అరగంట పట్టింది, అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. పీడీఐ షీటు మీద తేదీ అక్టోబరు 1. అల్లాయ్ వీల్స్, అండర్‌బాడీ కోటింగు బిల్లు మీద తేదీ అక్టోబరు 2 ఉదయం. అంటే తనిఖీ నిజంగానే చేశారని అనుకున్నా కూడా, తనిఖీ అయిపోయిన తరవాత చక్రాలు విప్పి వేరే చక్రాలు బిగించారు, కారు అడుగంతా పూత కొట్టారు, ఆ పైన ఇంక ఎవరూ చూడలేదు. ఎవరూ చూడాల్సిన అవసరమే లేదు, ఎందుకంటే కాగితం నిన్ననే పూర్తయిపోయింది. మా నాన్నకి చూపిస్తే ఆయన మిల్లు సంగతి చెప్పారు. షిఫ్టు మారేటప్పుడు వచ్చేవాడు మిషను చుట్టూ తిరిగి, నడిపించి, చెయ్యి పెట్టి చూసుకుని అప్పుడు బుక్కులో సంతకం పెట్టేవాడట, సంతకం పెట్టాక ఎవరైనా ఒక్క నట్టు ముట్టినా మళ్ళీ మొదట్నించి చూడాల్సిందేనట. జనపనార నేసే మిషనుకున్న పద్ధతి మనుషులెక్కే కారుకి లేదు.

షోరూమ్‌కి వెళ్ళాం. పేరు రాయను, రాస్తే ఇది ఒక్క షోరూమ్ గొడవ అయిపోతుంది. సర్వీసు వైపు వెయిటింగ్‌లో కూచుంటే యూనిఫాం వేసుకున్న కుర్రాడొకడు వచ్చి "మేడమ్, నన్ను గుర్తుపట్టారా" అన్నాడు. నా దగ్గర తొమ్మిది, పది చదివాడు, ఐటీఐ చేశాడు. నా చేతిలో షీటు చూసి వాడి మొహం మారిపోయింది, ఆ టెక్నీషియను సంతకం వాడిదే. బయట టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళి చెప్పాడు. "మేడమ్, దసరా రోజు ఇరవయ్యారు బళ్ళు ఎల్లాయి. పీడీఐకి ఇద్దరమే ఉన్నాం. పదమూడు నా పేరు మీద రాసీసారు. పానా పట్టుకుని నాను సూసినవి నాలుగో అయిదో. మిగతావి కడిగించీసి, పెట్రోలు పోయించీసి షీటు మీద సంతకం ఎట్టీమన్నారు. ఎట్టనంటే రేపు రావద్దంటారు."

ఒక కారుని సరిగ్గా చూడాలంటే, లిఫ్టు మీద పెట్టి కింద చూసి, నట్లన్నీ టార్కు రెంచితో పట్టి, లైట్లు, వైపర్లు, ఏసీ, బ్యాటరీ చూసి, ఒక చిన్న రౌండు నడిపి తేవాలంటే గంట పైనే పడుతుంది. పదమూడు కార్లంటే పదమూడు గంటలు, తిండీ నీళ్ళూ లేకుండా. ఆ లెక్క సూపర్‌వైజరుకి తెలీదా? ఇరవయ్యారు డెలివరీలకి మాట ఇచ్చిన సేల్స్ మేనేజరుకి తెలీదా? ఇద్దరు మనుషులున్నప్పుడు ఎన్ని కార్లు సిద్ధమవుతాయో ముందు రోజే తెలుసు, అయినా ఇరవయ్యారు కుటుంబాలనీ రమ్మన్నారు. అందుకే నేను ఆ కుర్రాడి పేరు ఎక్కడా రాయలేదు, కంప్లైంటులో కూడా. సంతకం వాడిదే అయినా, వాడి చేత పెట్టించిన తొందర వాడిది కాదు. వాడు కూడా తప్పు చేశాడు, వాడితోనే ఆ మాట అన్నా, తల దించుకున్నాడు. కానీ వాణ్ణి తీసేసి ఇంకో ఐటీఐ కుర్రాణ్ణి పెడితే వచ్చే దసరాకి ఇంకో పదమూడు షీట్లు ఇలాగే వస్తాయి.

సర్వీసు మేనేజరు మర్యాదగానే మాట్లాడారు. పానా వెంటనే ఇచ్చారు, నట్లు బిగించి చూపించారు, కోటింగు గీకించి కన్నాలు తెరిపించారు, ఆ నాలుగున్నర వేలూ వెనక్కి ఇస్తామన్నారు. కానీ అది మీ తప్పేనని ఒక కాగితం మీద రాసివ్వమంటే మాత్రం "మీరు కూడా షీటు మీద సంతకం పెట్టారు కదండీ మేడమ్, అన్నీ చూసుకునే తీసుకున్నట్టు" అన్నారు. ఈ మాట దగ్గర నాకు కోపం ఆగలేదు. నట్టు టార్కు ఎంతుందో నేనెలా చూడగలను? నా దగ్గర రెంచి ఉందా? కన్నాలు మూసుకుపోయాయని టెంటు కింద చీర కట్టుకుని వంగి చూడాలా? నేను పెట్టిన సంతకం కారు అందిందని. చూశామని పెట్టాల్సిన సంతకాలు పైన రెండున్నాయి, అవి చూడకుండా పెట్టారు. చూడనివాళ్ళ సంతకానికి విలువ లేదు గానీ చూడలేనివాళ్ళ సంతకానికి ఉంటుందా?

చాలామంది ఇక్కడ ఆగిపోతారు, నేనూ ఆగిపోయేదాన్నే. ప్రభుత్వం వాళ్ళు ఎవరో చూసే ఉంటారులే అని మనకి మనసులో ఉంటుంది. లేదు. వెనకటిలాగ కొత్త కారుని ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించే పని ఇప్పుడు లేదు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు, డీలరు అమ్మిన కొత్త బండిని రిజిస్ట్రేషనుకి అధికారి ముందు పెట్టక్కర్లేదన్నారు, అప్లికేషను కూడా అదే రాష్ట్రంలో అయితే డీలరే పెడతాడు. తిరిగే బాధ తగ్గింది, మంచిదే. కానీ దాని అర్థం ఏంటంటే ఫ్యాక్టరీకీ మన గుమ్మానికీ మధ్య కారుని చూసే మనిషి ఒక్కడే, ఆ పీడీఐ టెక్నీషియను. ఆ ఒక్కణ్ణీ చూడనివ్వకపోతే ఇంకెవరూ లేరు. పైగా మనం కారు మొహం చూసేసరికి బిల్లు అయిపోయి, బ్యాంకు డబ్బు వెళ్ళిపోయి, రిజిస్ట్రేషను కాగితాలు మన పేరు మీద కదిలిపోయి ఉంటాయి. లోపం కనపడినా ఈ కారు వద్దు వేరేది ఇవ్వండి అనే మాట నోట్లోనే ఉండిపోతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ సరిచేసుకోగలిగినవి. చివరిది వేరు.

సిరిమాను అయ్యాక వానలు తెరిపిచ్చి మంచి ఎండ కాసింది. ఉదయం ఏటవాలు ఎండలో కారు కడిగి తుడుస్తుంటే అదే వెనక ఎడమ డోరు మిగతా కారు కంటే ఒక పిసరు ముదురుగా కనపడింది. నా కళ్ళే అనుకున్నా. దగ్గరికెళ్ళి చూస్తే డోరు రబ్బరు బీడింగ్ అంచున రంగు తుంపర, గోటితో గీకితే పొడిగా రాలింది. ఫ్యాక్టరీలో రంగు వేసేటప్పటికి బీడింగ్ ఉండదు కదా, రంగు అయ్యాకే అది బిగిస్తారు. మాకు తెలిసిన టింకరింగ్ ఆయన దగ్గర రంగు మందం కొలిచే చిన్న మిషనుంది, ఆయన పెట్టి చూపించారు. మిగతా మూడు డోర్లు 100, 110 మైక్రాన్ల మధ్య. ఈ డోరు 240 దాకా. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. "మళ్ళీ ఏసిన రంగేనమ్మా, ట్రైలరు మీంచి దించినప్పుడో యార్డులోనో తగిలుంటాది" అన్నారాయన.

దెబ్బ తగలడం నాకు పెద్ద బాధ కాదు. అంత దూరం ట్రైలరు మీద వచ్చే వస్తువు, తగులుతుంది. తగిలింది, రంగు వేయించాం, ఇంత తగ్గిస్తాం, తీసుకుంటారా, వేరే కారుకి ఆగుతారా అని అడిగితే నేను బహుశా తీసుకునే దాన్ని. అడగలేదు. షీటులో పద్దెనిమిదో గడి, బాడీ పెయింటు లోపాలు లేవు, టిక్కు.

ఈ తగువు కొత్తదేం కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గోర్ అనే డాక్టరుగారు 1990లో కొత్త బీఎండబ్ల్యూ కొన్నారు, 40 వేల డాలర్ల పైన. తొమ్మిది నెలల తరవాత ఇంకా మెరిపిద్దామని పాలిష్ చేసేవాడి దగ్గరికి తీసుకెళ్తే వాడు చెప్పాడు ఈ కారుకి మళ్ళీ రంగు పడిందని. రవాణాలో యాసిడ్ వాన వల్ల రంగు పాడైతే కంపెనీ 601 డాలర్లు పెట్టి మళ్ళీ వేయించి, కొత్తదిగా అమ్మింది. కారు ధరలో 3 శాతం దాటని రిపేరైతే డీలరుకి కూడా చెప్పక్కర్లేదన్నది వాళ్ళ పాలసీ. ఆయన కోర్టుకెళ్ళారు. జ్యూరీ కారు విలువ తగ్గినందుకు 4 వేల డాలర్లు, శిక్షగా 40 లక్షల డాలర్లు వేసింది, పైకోర్టు సగానికి తగ్గించింది, 1996లో అమెరికా సుప్రీంకోర్టు అది కూడా మరీ ఎక్కువని కొట్టేసింది, ఆఖరికి శిక్ష 50 వేల డాలర్ల దగ్గర తేలింది. శిక్ష ఎంత వెయ్యాలన్నదే అక్కడ పెద్ద వాదన అయింది. నాకు మాత్రం ఆ కేసులో అంతకంటే ముఖ్యమైంది 601 డాలర్ల రిపేరు. చిన్నదే కదా అని దాచిందే ఆరేళ్ళ పైన నడిచింది. చిన్నదైతే చెప్పడానికి అడ్డేముంది?

మన చట్టంలో కూడా దీనికి మాట ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపం అంటే ఏంటో చెప్తూ, కొనేవాడికి చెప్పాల్సిన సమాచారం కావాలని దాచిపెట్టడం కూడా అందులోకే వస్తుందని రాసింది. మా ఆయన "విశాఖ తిరగాలేమో, లాయరు ఖర్చులు" అని భయపడ్డారు గానీ, కొన్నవాళ్ళు ఉండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చని ఆ చట్టమే చెప్తోంది. కొన్న వస్తువు విలువ 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషనే, 5 లక్షల లోపైతే ఫీజే లేదు, 5 నుంచి 10 లక్షల మధ్యైతే 200 రూపాయలు, నాది ఆ లెక్కలోకే వస్తుంది. రెండేళ్ళ లోపు వెయ్యాలి. లాయరు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంటు నంబరు తీసుకున్నా.

ఇప్పుడు ముహూర్తం గురించి. ఇది చెప్తే మా అమ్మకి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. నేను పూజ మానమనట్లేదు. కొత్త బండి తెచ్చి పైడితల్లమ్మ గుడి ముందు ఆపకుండా నేను ఇంటికి తీసుకెళ్ళను, శ్రీకాకుళం వైపు వాళ్ళు ఆదివారం అరసవల్లి తీసుకెళ్ళకుండా ఉండలేరు, అది మన మనసుకి సంబంధించింది. కానీ మంచిరోజు అనగానే మన నోరు కట్టుబడిపోతుంది. ఆ రోజు నాకు ఒక హెడ్‌లైటు దగ్గర ఏదో గీత కనపడి అడగబోతే మా ఆయనే "మంచి పూటా గొడవెందుకు" అన్నారు, నేను ఆగిపోయా. పండగ రోజు కొన్నవాళ్ళు గొడవ పడరని షోరూమ్ వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. అందుకని చూసే రోజు వేరు, తెచ్చుకునే రోజు వేరు పెట్టుకోవాలి. దసరాకి కావాలంటే నాలుగు రోజుల ముందే, బిల్లు కాకముందే, యార్డుకెళ్ళి పగటి ఎండలో చూసి, ఈ చాసిస్ నంబరు కారే నాకు కావాలని రాయించుకోవాలి. యాక్సెసరీలు ఏవి వేయించినా అవన్నీ అయ్యాకే పీడీఐ తేదీ పడాలి, నా షీటు చూశాక ఈ ఒక్క మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తా.

నవంబరులో మా స్కూల్లో లెక్కల మేడమ్ కారు కొన్నారు, వేరే షోరూమ్. ఆవిడకి ఈ కథంతా తెలుసు కాబట్టి మా నాన్నని కూడా యార్డుకి తీసుకెళ్ళారు. ముందు యార్డులోకి రానివ్వం అన్నారట, అలాగైతే బుకింగ్ డబ్బులు వెనక్కివ్వండి అంటే రానిచ్చారట. చాసిస్ నంబరు పదిహేడు అక్షరాలుంటుంది, చాలా కంపెనీల్లో పదో అక్షరం ఏ సంవత్సరం మోడలో చెప్తుంది, 2024కి ఆర్, 2025కి ఎస్. ఆవిడకి చూపించిన కారు మీద ఆర్ ఉంది. టైరు మీద తేదీ నాలుగంకెలు, ముందు రెండు వారం, తరవాత రెండు సంవత్సరం, అవి కూడా 3824, అంటే 2024లో ముప్పై ఎనిమిదో వారం. దాదాపు ఏడాదిగా ఎండలో నిలబడ్డ కారై ఉండాలి అది. వేరేది అడిగితే పది రోజులు ఆగమన్నారు, ఆగారు. వచ్చిన కారు డోర్ల కింద మా నాన్న పిన్నుతో ఒక్కొక్క కన్నమూ చూశారట, అక్కడున్న టెక్నీషియను మొదట విసుక్కుని తరవాత తనే టార్చి పట్టుకున్నాడట.

నా డోరు సంగతి ఇంకా తేలలేదు. నేను అడిగింది డబ్బు కాదు, ఈ డోరుకి రంగు ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు వేశారో లెటర్‌హెడ్ మీద రాసివ్వమని. రేపు నేను ఈ కారు అమ్మితే కొనేవాడు మిషను పెట్టి చూసి, యాక్సిడెంటు బండి అంటాడు, అప్పుడు నేను ఏ కాగితం చూపించాలి? వాళ్ళు ఫోన్లోనే మాట్లాడుతున్నారు, ఫ్రీగా పాలిష్ చేయిస్తామంటారు, రెండు సర్వీసులు ఉచితం అంటారు, వారంటీ ఒక ఏడాది పెంచుతామంటారు, కాగితం మాత్రం ఇవ్వరు. ఒక్క పేజీ రాయడానికి ఒప్పుకోనివాళ్ళు దాని కంటే ఎన్నో రెట్లు ఖర్చయ్యేవి ఇస్తామంటుంటే ఆ పేజీ విలువ ఎంతో నాకు అర్థమైంది. స్పీడ్ పోస్టులో నోటీసు పంపించా, ఫోటోలు, మైక్రాన్ల రీడింగులు, రెండు తేదీలున్న రెండు కాగితాల జిరాక్సులు జతపరిచి. పదిహేను రోజులు గడువిచ్చా, వచ్చే సోమవారంతో అయిపోతుంది. మంగళవారం స్కూలుకి సెలవు పెట్టా, ఆ 200 రూపాయలు కట్టి కంప్లైంటు వెయ్యడానికి.